ఊరి రాతిమీద ఎవరి పేర్లు?

నవంబరు 2, సమాధుల పండుగ. అచ్యుతాపురం దగ్గర ఒక ఊళ్ళో చర్చి వెనకాల శ్మశానానికి ఒక స్నేహితురాలితో కలిసి వెళ్ళాను. గోరీలకు సున్నం వేశారు. బంతిపూలు పెట్టారు. చీకటిపడే వేళకు ఒక్కొక్కరే కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఎనభై దాటిన ఒక మామ్మ మాత్రం ఏ గోరీ దగ్గరా ఆగకుండా ప్రహరీగోడ మూలకు వెళ్ళి, వట్టి నేలమీద కొవ్వొత్తి పెట్టింది.

"అక్కడ ఎవరున్నారు మామ్మా?" అని అడిగాను.

"ఎవులూ నేరమ్మా. మా అయ్యకి. అయ్య రంగం ఎల్లాడు. యుద్ధంలో మరి రానేదు. గోరీ ఎక్కడుందో తెల్దు కదా, అందుకని ఈ మూల ఎలిగిత్తాను. మా యమ్మ కూడా ఈడే ఎలిగించేది."

రంగం అంటే రంగూన్. ఓడరేవులో కూలిపనికి వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఉత్తరం రాలేదు. చనిపోయాడన్న కబురూ రాలేదు. ఆమె తల్లి తాళి తియ్యాలని కొందరన్నారట, తియ్యకూడదని కొందరన్నారట. ఆ తల్లి కూలికి వెళ్ళి ముగ్గురు పిల్లల్ని పెంచి, బతికినంతకాలం భార్యా కాక, విధవా కాక మిగిలిపోయింది. ఆమె భర్త యుద్ధంలో చనిపోయినవాడేనా? మన దగ్గరున్న ఏ లెక్కల ప్రకారమూ కాదు. అతను సైనికుడు కాదు, అతని పేరు ఏ రాతిమీదా లేదు. అతని పేరే లేనప్పుడు ఆమె పేరు సంగతి అడగనే అక్కర్లేదు.

ఈ మధ్య మన ఊళ్ళలో సైనికుల స్మారకాలు కట్టుకోవాలన్న కోరిక పెరుగుతోంది. స్కూలు ముందు, పంచాయితీ ఆఫీసు ముందు, చర్చి ఆవరణలో విగ్రహాలు, పలకలు వెలుస్తున్నాయి. మనవాళ్ళు కొందరు దీన్ని పట్టించుకోవలసిన విషయంగా చూడరు. 'యుద్ధాన్ని కీర్తించే రాళ్ళతో మనకేం పని?' అంటారు. నాకు అలా అనిపించడం లేదు. ఏ స్మారకమైనా ఒక లెక్కల పుస్తకం. ఎవరి చావును ఊరు తన చావుగా లెక్కపెట్టుకుందో, ఎవరిది ఇంటి ఏడుపుగా వదిలేసిందో అందులో రాసి ఉంటుంది. లెక్క రాసేచోట మనం లేకపోతే, మనల్ని వదిలేసే లెక్క తయారవుతుంది.

ఊరి చర్చిలో యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కడం ఎక్కడ మొదలైందో ఒకసారి చూద్దాం. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, చనిపోయిన సైనికుల శవాలను ఇళ్ళకు పంపడాన్ని బ్రిటిష్ సైన్యం ఆపేసింది. యుద్ధం అయిపోయాక కొడుకుల శవాలను ఇప్పించమని తల్లులు విన్నపాలు పెట్టుకున్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. అప్పుడు ఊరూరా చర్చి గోడలమీద, చర్చి ముందు శిలువల కింద పేర్లు చెక్కించుకున్నారు. అవి విజయస్తంభాలు కావు, లేని సమాధులకు బదులు పెట్టుకున్న రాళ్ళు. పూలు పెట్టడానికి ఒక చోటు కావాలన్న ఆడవాళ్ళ దుఃఖం వాటిని నిలబెట్టింది. చాలా ఊళ్ళలో అధికారి, మామూలు సిపాయి అన్న తేడా లేకుండా అక్షరక్రమంలో పేర్లు రాశారు. చావులో అందరూ సమానమన్న మాట ఆ మేరకు అక్కడ నిజమైంది.

ఆ సమానత్వం సముద్రం దాటి మనదాకా రాలేదు. మొదటి యుద్ధానికి భారతదేశం నుంచి 13 లక్షలకు పైగా వెళ్ళారు. వారిలో సుమారు 74 వేలమంది చనిపోయారు. 1931లో ప్రారంభమైన ఢిల్లీలోని ఇండియా గేటు మీద ఉన్నవి 13 వేలకు పైగా పేర్లు. యుద్ధ సమాధులను చూసుకునే కామన్వెల్త్ కమిషన్ తన పాత లెక్కలు తనే తిరగేసుకుని 2021లో ఒక నివేదిక ఇచ్చింది. భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు కలిపి 45 వేల నుంచి 54 వేలమందిని తెల్ల సైనికులతో సమానంగా స్మరించలేదని అందులో ఒప్పుకుంది. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మారకమే దక్కలేదు, లేదా అసలే దక్కలేదు. వీళ్ళలో చాలామంది బరువులు మోసినవాళ్ళు, రోడ్లు వేసినవాళ్ళు. తుపాకీ పట్టినవాడు సైనికుడయ్యాడు, ఆ తుపాకీ మోసినవాడు కూలీగా మిగిలాడు. ఇంటిపనిని పనిగా లెక్కపెట్టని లోకాన్ని ఎరిగిన మనకు ఈ లెక్క కొత్తది కాదు.

మన తీరానికి వద్దాం. తెలుగువాళ్ళ మధ్య పనిచేయడానికి వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలు 1805లో విశాఖపట్నంలో దిగారు. అంటే ఇక్కడ చర్చికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. మద్రాసు సైన్యంలో దళితులకు, క్రైస్తవులకు చోటుండేది. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం పెట్టి తెలుగువాళ్ళను చేర్చుకోవడం దాదాపు మానేశారు. ప్రపంచయుద్ధాలు వచ్చి మనుషులు చాలకపోయాక మళ్ళీ పిలిచారు. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా ఆ ఊరినుంచి వెళ్ళారని ఊరివాళ్ళు లెక్క చెప్తారు. అక్కడ స్మారకం ఉంది. ఇంటికొకరు సైన్యంలో ఉన్నారని గర్వంగా చెప్పుకుంటారు. ఇంటికొక మగవాడు వెళ్ళాడంటే ఇంటికొక ఆడది పొలం చూసుకుంది, అప్పు తీర్చింది, అత్తమామల్ని సాకింది, పోస్టుమాన్ కోసం ఎదురుచూసింది. ఆ వెయ్యిమంది ఆడవాళ్ళ లెక్క ఎవరూ చెప్పరు.

విశాఖ మాటే తీసుకుందాం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పోర్టు మొదలై అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. ఊరు ఊరంతా పిల్లల్నీ మూటల్నీ పట్టుకుని పల్లెలకు పోయింది. నీళ్ళెక్కడ, పొయ్యెక్కడ, పురుడెక్కడ అని చూసుకున్నది ఆడవాళ్ళు. అదే ఏడాది బర్మా కూలిపోయింది. మన తీరం నుంచి రేవు పనికి, మిల్లు పనికి వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక దాదాపు 5 లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. ఓడల్లో, విమానాల్లో చోటు దొరికింది ముందు తెల్లవాళ్ళకు, తరవాత డబ్బున్నవాళ్ళకు. నడిచినవాళ్ళలో కలరాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. బర్మాలో తౌక్యాన్ దగ్గర రంగూన్ స్మారకం మీద దాదాపు 27 వేల సైనికుల పేర్లున్నాయి. ఆ నడకలో పోయిన కూలీ పేరు అక్కడ లేదు. పిల్లను చంకనెత్తుకుని నడిచి దారిలో కూలబడిన తల్లి పేరూ లేదు.

పౌరుల పేర్లు రాయడం సాధ్యం కాదనడానికి లేదు. రెండో యుద్ధంలో బ్రిటన్ మీద పడిన బాంబులకు చనిపోయిన మామూలు జనం పేర్లు 60 వేలకు పైగా సేకరించి, ఏడు సంపుటాలుగా లండన్ వెస్ట్‌మినిస్టర్ అబీ అనే చర్చిలో పెట్టుకున్నారు. వంటింట్లో పోయిన గృహిణి, ఉయ్యాలలో పోయిన పసిపిల్ల కూడా అందులో ఉన్నారు. రాయదలచుకుంటే రాయగలరు. ఎవరి కోసం రాయదలచుకున్నారన్నదే ప్రశ్న.

1971 యుద్ధం గుర్తుగా 1996లో విశాఖ బీచ్‌రోడ్డు మీద 'విక్టరీ ఎట్ సీ' స్మారకం కట్టారు. ఏటా డిసెంబరు 4న నౌకాదినం జరుగుతుంది. 1971 డిసెంబరు 3 రాత్రి విశాఖ ఒడ్డుకు దగ్గరలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోతే అందులోని 90 మందికి పైగా మనుషులు ఒక్కరూ మిగలలేదు. నీటిమీద తేలిన దాని శకలాలు మొదట మన జాలర్ల కంటపడ్డాయి. నేను ఆ స్మారకం దగ్గర నిలబడినప్పుడల్లా రెండు ఒడ్డుల ఆడవాళ్ళూ గుర్తొస్తారు. శత్రువు భార్య కూడా తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసినదే. విజయం అన్న మాటలో ఈ ఎదురుచూపుకు చోటు లేదు.

రాతిమీద వీరుణ్ణి చెక్కడం మనం ఇంగ్లీషువాళ్ళ దగ్గర నేర్చుకున్నది కాదు. ఊరి పొలిమేరల్లో వీరగల్లులు ఎప్పటినుంచో ఉన్నాయి. కారంపూడిలో పల్నాటి వీరులకు గుడి ఉంది, ఏటా కార్తీకంలో ఉత్సవం జరుగుతుంది. ఆ కథలో ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. కొడుకును యుద్ధానికి పంపిన తల్లి ఉంది, భర్తను పంపిన మాంచాల ఉంది. రాజ్యం నడిపిన నాగమ్మ కూడా ఉంది, కాని యుద్ధానికి కారణమైన దుష్టురాలుగా ఉంది. పంపితే పతివ్రత, పాలిస్తే పాపాత్మురాలు.

బొబ్బిలి సంగతి ఇంకా కఠినం. 1757 జనవరి 24న కోట పడిపోతుందని తెలిశాక, శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలున్న ఆడవాళ్ళనూ పిల్లలనూ సొంత మగవాళ్ళే చంపేశారు. అక్కడ స్మారకస్తంభం ఉంది. రంగారావు, తాండ్ర పాపారాయుడు పేర్లు బుర్రకథల్లో ఊరూరా మోగాయి. రాణి మల్లమ్మ పేరు వినపడుతుంది. మిగతా ఆడవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళ చావును త్యాగం అంటారు. త్యాగం అనాలంటే చేసేవాళ్ళ ఇష్టం ఉండాలి కదా! ఆ రోజు వాళ్ళ ఇష్టం అడిగినవాళ్ళెవరు? ఇక భర్త చితిమీద కాలిపోయినవాళ్ళను పేరంటాలమ్మలని గుడికట్టి మొక్కాం. మన సంప్రదాయం ఆడదానికి రాయి వేసింది, కాని కాలిపోయాకే వేసింది. బతికి పిల్లల్ని పెంచినదానికి రాయి వెయ్యలేదు.

బతికున్న ఆడవాళ్ళకు ఇప్పుడు జరిగేది చూద్దాం. జవాను చనిపోతే ఊరంతా కదిలి వస్తుంది. మంత్రి వస్తాడు. జెండా కప్పిన పెట్టె ముందు భార్యను నిలబెట్టి ఫోటో తీస్తారు. పెద్దకర్మ కాగానే అసలు యుద్ధం ఇంట్లో మొదలవుతుంది. డబ్బు ఎవరి పేరున రావాలి? పిల్ల పుట్టింటికి పోతే? మళ్ళీ పెళ్ళి చేసుకుంటే? 2024లో ఒక వీరుని కుటుంబంలో గౌరవం, సాయం కోడలికా, తల్లిదండ్రులకా అన్న గొడవ దేశమంతా చర్చ అయింది. కొడుకు మీద ఆధారపడ్డ ముసలి తల్లిదండ్రుల అవసరం నిజమైనదే. దానికి వేరుగా ఏర్పాటు చేయమని అడగాలి. కోడలి హక్కులోంచి కోసి ఇవ్వమనడం ఇద్దరు ఆడవాళ్ళ మధ్య తగువు పెట్టడమే.

సాహస పురస్కారం పొందిన సైనికుడి విధవకు ఇచ్చే నగదు భత్యం గురించిన నిబంధన మన సంఘాల్లో చాలామందికి తెలియదు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ భత్యం ఆగిపోయేది. చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు. అంటే ప్రభుత్వం దృష్టిలో ఆమె ఆ ఇంటి ఆస్తి, ఇల్లు దాటకుండా ఉన్నంతవరకే ఆమెకు హక్కు. రక్షణ మంత్రిత్వశాఖ ఈ షరతును 2017 నవంబరులో తీసేసింది. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్భై ఏళ్ళకు! కాగితం మీది షరతు పోయింది కాని మనుషుల మనసుల్లోది పోలేదు. 'మరిదిని చేసుకో, డబ్బు బయటికి పోదు' అని పెద్దలు నచ్చజెప్పడం ఇంకా ఉంది.

ఇక్కడ చర్చి మళ్ళీ గుర్తొస్తుంది, రాయిగా కాదు, రిజిస్టరుగా. పెన్షను కావాలంటే పెళ్ళి జరిగినట్టు రుజువు కావాలి. పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్ళ దగ్గర ఆ రుజువు ఉంటుంది? ఆంధ్రప్రదేశ్‌లో అన్ని పెళ్ళిళ్ళూ నమోదు చెయ్యాలన్న చట్టం 2002లోగాని రాలేదు. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం మాత్రం చర్చిలో జరిగే పెళ్ళి రాసితీరాలంది. అందుకే దళితవాడ చర్చి బీరువాలో చెదపట్టిన ఆ పుస్తకంలో ఒక కూలిమనిషి కూతురి పేరు, వయసు, తండ్రి పేరు, ఆమె వేలిముద్ర దొరుకుతాయి. భూమి రికార్డుల్లో ఆమె పేరు లేదు, కరణం దఫ్తరంలో లేదు, ఇక్కడ ఉంది. నా మటుకు ఊరి అసలు స్మారకం అదే. పాలరాతి పలకకు లక్ష రూపాయలు చందా వేసుకునే సంఘం, ఆ రిజిస్టరుకు అట్టవేయించడానికి వంద రూపాయలు ఖర్చు పెట్టదు.

ఆచూకీ లేకుండా పోయినవాడి భార్య సంగతి? ఏడేళ్ళపాటు, సహజంగా కబురు అందవలసినవాళ్ళకు కూడా కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ అదే చెప్తోంది. సమాధుల పండుగ నాటి ఆ మామ్మ తల్లికి ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు. చెప్పి ఉంటే ఆమె బతుకు ఎలా ఉండేదో తెలియదు. కాని తాళి ఉంచాలా తియ్యాలా అన్నది ఊరు తేల్చవలసిన విషయం కాదని, తనే తేల్చుకోవచ్చని తెలిసేది.

యుద్ధస్మారకాలు ఇంకో తరాన్ని యుద్ధానికి పిలిచే గంటలని మిత్రులు అనే మాట నేను కొట్టిపారెయ్యను. వీరుల పేర్లే ఉండి, వాళ్ళ వెనక పడ్డ బాధ లేని రాయి అలాగే పనిచేస్తుంది. ఆ రాయికి నష్టాన్ని కూడా చెప్పే మాట నేర్పాలి. విధవల పేర్లు, కూలీల పేర్లు, తిరిగొచ్చి మంచం పట్టినవాళ్ళ పేర్లు పక్కన చేరితే, అది చూసిన పిల్లవాడికి యుద్ధం అంటే కవాతు ఒక్కటే కాదని తెలుస్తుంది. 'వీరుల రాతిమీద ఆడవాళ్ళ పేర్లేమిటి?' అని అడిగే పెద్దలకు ఒకటే జవాబు: ఆ ఇల్లు నిలబెట్టింది ఎవరో ఊరికి తెలుసు, రాతికే తెలియదు.

అచ్యుతాపురానికి ఈ ప్రశ్న గతానికి సంబంధించినది మాత్రమే కాదు. 2022 జూన్‌లో, మళ్ళీ ఆగస్టులో, ఇక్కడి సెజ్‌లో విషవాయువు పీల్చి వందలమంది బట్టల ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. సరిహద్దులో పోయినవాడికి రాయి ఉంది, షిఫ్టులో పోయినవాడికి నష్టపరిహారం చెక్కు ఉంది. చెక్కు మారాక పేరు మాయమైపోతుంది. పేరు మాయమైతే బాధ్యత కూడా మాయమవుతుంది. రెండు చావులూ ఒకటేనని నేననడం లేదు. ఊరు గుర్తుపెట్టుకోకపోతే అడిగేవాళ్ళుండరని మాత్రం అంటున్నాను.

మరి మనం ఏం చెయ్యాలి? 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలే రాసింది. మనకు ఆ దారి ఉంది. మీ ఊళ్ళో స్మారకం మాట రాగానే పేర్ల జాబితా కమిటీ చేతిలోంచి తీసుకుని ఇంటింటికీ వెళ్ళండి. పాస్టరమ్మలను, అంగన్‌వాడీ టీచర్లను, పొదుపు సంఘాలవాళ్ళను కలుపుకోండి. సిపాయిలతోపాటు కూలీలుగా వెళ్ళినవాళ్ళను, బర్మా నడకలో పోయినవాళ్ళను, వాళ్ళ ఇళ్ళు నిలబెట్టిన ఆడవాళ్ళను సొంత పేర్లతో రాయండి. 'ఫలానావారి భార్య' అని రాయకండి. చర్చి రిజిస్టర్లను ఫోటోలు తీసి భద్రపరచండి. జాబితా రాస్తున్నప్పుడే ప్రతి విధవనూ పెన్షను వస్తోందా, ఎంత వస్తోంది, పాసుపుస్తకం ఎవరి చేతిలో ఉంది అని అడగండి. పలక ఆవిష్కరణకు ముందే ఆ పని అయిపోవాలి. ఆవిష్కరించే చెయ్యి మంత్రిది కాకుండా ఆ ఇళ్ళలోని పెద్ద ముసలమ్మది కావాలని పట్టుబట్టండి.

ఆ సాయంత్రం తిరిగొస్తూ మామ్మను వాళ్ళ నాన్న పేరు అడిగాను, చెప్పింది. వాళ్ళమ్మ పేరు అడిగాను. కాసేపు నా మొహంలోకి చూసి, "ఆవిడ పేరు ఇన్నాళ్ళకి నువ్వే అడిగినావమ్మా" అంది. చెప్పింది. నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ ఊరి సంఘంవాళ్ళు వచ్చే నవంబరులోగా గోడ మూల ఒక చిన్న పలక పెడతామంటున్నారు. రెండు పేర్లూ ఉంటాయన్న మాట మీదే నేను చందా వేశాను.